‘గోదాన్’ను కత్తిరించి మా పల్లెలకు పంపవద్దు: పుస్తకాల ఎంపిక సంఘానికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సంఘ సభ్యులకు నమస్కారాలు.

అనంతపురం జిల్లాలోని పల్లె పఠన కేంద్రాలకు పంపదలచిన పుస్తకాలలో ప్రేమ్‌చంద్ రచించిన ‘గోదాన్’ నవలను చేర్చినందుకు ముందుగా మీకు కృతజ్ఞతలు తెలుపుతున్నాను. అయితే ఆ నవలను ఉన్నదున్నట్టుగా కాక, పట్టణ జీవితానికి సంబంధించిన అధ్యాయాలను తొలగించి, సిలియా మాతాదీన్‌ల కథను ఉపకథ అని పక్కన పెట్టి, కూతురు రూపా పెళ్లితో రైతు హోరీ భూమి నిలబడిన చోటనే కథను ముగించి, సగానికి తగ్గిన సంక్షిప్త ప్రతిగా అచ్చు వేయాలని మీరు తీర్మానించినట్టు పఠన కేంద్రాల నిర్వాహకులకు వచ్చిన పత్రం వల్ల తెలిసింది. ఈ తీర్మానానికి పాఠకుల స్పందనలే ఆధారమని ఆ పత్రంలో రాశారు. ఆ స్పందనలలో కొన్ని కల్యాణదుర్గం ప్రాంతంలో మేము నడుపుతున్న సాయంత్రపు పఠన కూటమి నుంచి మీకు చేరినవి. ఉద్యోగ విరమణ చేసిన హిందీ ఉపాధ్యాయుడిగా ఆ కూటమిలో పుస్తకాన్ని పైకి చదివేదీ, చదువు రానివారి అభిప్రాయాలను రాసిపెట్టేదీ నేనే. మీరు చేరుకున్న నిర్ణయానికి మా పాఠకుల మాటలు దారి తీయవని చెప్పడం నా బాధ్యతగా భావించి, ఈ లేఖను అందరూ చదివేలా రాస్తున్నాను.

నవల చదవనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. ‘గోదాన్’ 1936లో వెలువడింది. అదే ఏడాది అక్టోబరు 8న ప్రేమ్‌చంద్ మరణించారు. ఆయన పూర్తి చేసిన చివరి నవల ఇదే. అవధ్ ప్రాంతంలోని బేలారి అనే ఊరిలో హోరీ అనే చిన్న రైతు, అతని భార్య ధనియా, కొడుకు గోబర్, కూతుళ్లు సోనా, రూపా, వేరుపడిన తమ్ముళ్లు హీరా, శోభా, వీరి చుట్టూ అల్లుకున్న అప్పులవాళ్లూ కులపెద్దలూ జమీందారు మనుషులూ ఒక వైపు ఉంటారు. లక్నోలోని మిల్లు యజమాని ఖన్నా, తత్వశాస్త్రం బోధించే మెహతా, వైద్యురాలు మాలతి, ఊరికీ పట్టణానికీ నడుమ తిరిగే జమీందారు రాయ్ సాహెబ్ అమర్‌పాల్ సింగ్ మరో వైపు ఉంటారు. ఇంటి ముందు ఒక పాడి ఆవు ఉండాలన్న హోరీ కోరికతో మొదలై, అతని చావు వేళ గోదానానికి ఆవు లేని స్థితితో ముగిసే 36 అధ్యాయాల నవల ఇది.

మీరు పంపిన ప్రశ్నల కాగితంలో నచ్చిన భాగం ఏది, నచ్చని భాగం ఏది, నిడివి ఎక్కువైందా అన్న మూడు ప్రశ్నలే ఉన్నాయి. ఆ కాగితం మాకు చేరేసరికి మేము నవలలో మూడో వంతు కూడా దాటలేదు. రాయ్ సాహెబ్ ఇంటి ధనుర్యజ్ఞ ఉత్సవానికి వచ్చిన పట్టణపు మిత్రుల సంభాషణలు, ఆ తరువాత వేట ప్రయాణం అప్పుడే చదివి ఉన్నాము. హోరీ ఇంటికి ఆవు వచ్చిన సంబరంలో ఉన్న పాఠకులకు ఆ సంభాషణలు అడ్డుగా తోచడం సహజమే. “ఈ పెద్దోళ్ల మాటలు మాకెందుకు సార్, హోరీ ఆవు ఏమైందో చెప్పండి” అన్నవారు నిజంగానే ఉన్నారు, ఆ మాటను నేనే కాగితం మీద రాసి పంపాను. కానీ అది నడుస్తున్న కథ మధ్యలో పుట్టిన ఆత్రుత. దానిని పుస్తకం మీద తుది తీర్పుగా తీసుకుని, ఆ ఆత్రుతను రేకెత్తించిన అధ్యాయాలనే లేకుండా చేయడం పాఠకులకు న్యాయం కాదు. వారు ఆ తరువాత ఏమన్నారో తెలుసుకోవడానికి మళ్లీ కాగితం రాలేదు.

వారు తరువాత అన్నది ఇప్పుడు చెబుతాను. చెరకు అమ్మే ఘట్టం వచ్చినప్పుడు మా కూటమి తీరే మారిపోయింది. హోరీ చెరకు మిల్లుకు తోలి, చేతికి వచ్చిన డబ్బును అక్కడికక్కడే అప్పులవాళ్లకు అప్పగించి, ఒట్టి చేతులతో ఇంటికి చేరతాడు. ఆ పూట చదవడం ఆపిన తరువాత, కొన్నేళ్లు వేరుశనగ వేసి మానుకున్న ఒక పెద్ద రైతు, “సార్, ఈ లెక్కంతా యాడికి పోతాంది?” అని అడిగాడు. వడ్డీ వ్యాపారి ఝింగురీ సింగ్ తీసుకున్నాడు కదా అని ఎవరో అన్నారు. “ఝింగురీ సింగు మాత్రం యాడికి తీసకపోతాడు? ఆయప్పకూ పైన ఎవుడో ఉండాల” అన్నాడాయన. నాకు తెలిసిన సాహిత్య విమర్శలో ఈ నవల నిర్మాణం గురించి ఇంతకంటే సూటి ప్రశ్నను నేను చూడలేదు. ఆ ప్రశ్నకు జవాబు మీరు తీసివేయదలచిన అధ్యాయాలలోనే ఉంది. ఉత్సవం పేరిట రైతుల దగ్గర 500 రూపాయలు కానుకగా రాబట్టాలని చూసే రాయ్ సాహెబ్, తన కూతురి పెళ్లికీ ఎన్నికలకూ దావాలకూ డబ్బు చాలక ఖన్నా దగ్గర చేయి చాస్తాడు. ఆ ఖన్నా మిల్లుకే హోరీ చెరకు పోతుంది. ఆ మిల్లులోనే తరువాత గోబర్ కూలీ అవుతాడు. ఊరి కథనూ పట్టణపు కథనూ విడివిడిగా అతికించారని ఈ నవల మీద పాత విమర్శ ఒకటి ఉన్నది. పుస్తకాన్ని వేగంగా చదివేవారికి అలా అనిపించవచ్చును. డబ్బు వెళ్లే దారిని వెంబడించి చదివినవారికి మాత్రం ఆ అతుకు కనిపించలేదు.

పట్టణపు అధ్యాయాలు తీసివేస్తే పేదరికానికి కారణం ఊరి వడ్డీ వ్యాపారుల దురాశ, హోరీ మెతకదనం అన్న రెండే మిగులుతాయి. అప్పుడు మన రైతుల చేతిలో ఉండేది ఒక మంచివాడి కష్టాల కథ మాత్రమే. ప్రేమ్‌చంద్ రాసినది అంత చిన్న కథ కాదు.

గోబర్ విషయంలో ఈ నష్టం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. మా ఊళ్లలో బెంగళూరు కట్టడాల పనులకు వెళ్లని ఇల్లు అరుదు. కర్నూలు జిల్లా పడమటి మండలాలవారు సుగ్గికని, అంటే కోతల పనికని, గుంటూరు మిరప చేలకు కుటుంబాలతో తరలివెళతారు. తాను ప్రేమించిన ఝునియాను కడుపుతో తన ఇంటి గుమ్మం దాకా తెచ్చి, తండ్రి ఎదుట నిలబడలేక లక్నోకు పారిపోయిన గోబర్‌ను మొదట అందరూ తిట్టారు. తరువాత అతడు మీర్జా ఖుర్షేద్ దగ్గర కూలి చేసి, తోపుడు వ్యాపారం పెట్టి, నాలుగు డబ్బులు వెనకేసుకుని, కొత్త బట్టలతో ఊరికి వచ్చిన ఘట్టాన్ని ఎంతో ఇష్టంగా విన్నారు. అప్పుడతడు దాతాదీన్‌తో లెక్క తేల్చుకుంటాడు. ఏళ్ల కిందట హోరీ తీసుకున్న 30 రూపాయల అప్పు 200 అయిందని దాతాదీన్ అంటే, నూటికి రూపాయి వడ్డీ చొప్పున లెక్కగట్టి 70 రూపాయలు మాత్రమే ఇస్తాను, లేకుంటే దావా వేసుకో అంటాడు గోబర్. బ్రాహ్మణుడి డబ్బు ఎగ్గొడితే వంశం నిలవదన్న భయంతో హోరీ మొత్తం కడతానని మాట ఇస్తాడు.

ఆ రాత్రి మా కూటమిలో జరిగిన వాదన ఈ లేఖ రాయడానికి ప్రధాన కారణం. పెద్దవాళ్లు హోరీ పక్షం వహించారు. మాట నిలబెట్టుకోకుంటే రేపు విత్తనాలకు ఎవరు అప్పు ఇస్తారు, ఊళ్లో బతకాల్సింది కొడుకు కాదు తండ్రి కదా అన్నారు. బెంగళూరులో పనిచేసి పండుగకు వచ్చిన యువకులు గోబర్ పక్షం వహించారు. వడ్డీ లెక్క నేర్చుకున్నవాడికి భయం ఎందుకుంటుంది అన్నారు. ఒకాయన, తన కొడుకు ఎదురుగా కూర్చుని ఉండగానే, నా ప్రోనోటు మీద ఎంత రాసి ఉందో నేనూ ఏనాడూ చదివించుకోలేదు అన్నాడు. తండ్రీకొడుకులు ఇంట్లో మాట్లాడుకోలేని విషయాన్ని ఒక నవలను అడ్డం పెట్టుకుని నలుగురిలో మాట్లాడుకోగలిగారు. పట్టణంలో గోబర్ నేర్చుకున్నదేమిటో, ఎవరి మధ్య తిరిగాడో, ఎన్నికలూ సభలూ యూనియన్లూ అతని చెవిన ఎలా పడ్డాయో చదవకుంటే, ఆ 70 రూపాయల ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. చక్కెర మీద పన్ను పడిందన్న సాకుతో కూలి తగ్గించినప్పుడు జరిగిన సమ్మెలో అదే గోబర్ దెబ్బలు తిని మంచాన పడతాడని తెలియకపోతే, పట్టణం అతడిని విడిపించిందని మన యువకులు అనుకునే ప్రమాదమూ ఉంది.

పట్టణపు అధ్యాయాలన్నీ సమానంగా బాగున్నాయని నేను వాదించడం లేదు. మెహతా ప్రసంగాలు కొన్ని చాలా దీర్ఘమైనవి. మహిళల సభలో అతడు చేసే ఉపన్యాసం, త్యాగమూ సేవా స్త్రీకి సహజధర్మమని, పురుషుడితో సమానత్వం కోరడం ఆమెను తగ్గించుకోవడమేనని సాగే ఆ వాదం, మా కూటమిలోని స్త్రీలకు కోపం తెప్పించింది. వారిలో స్వయం సహాయక సంఘంలో లెక్కలు చూసే ఒక అమ్మ, “ధనియా యాగీ చేయకపోయింటే ఆ ఇల్లు ఎప్పుడో కూలిపోయేది, ఆయమ్మను ఈ మెహతా ఒకసారన్నా చూసినాడా?” అని అడిగారు. ఆమె అన్నది నిజమే. హీరా ఇల్లు సోదా చేయకుండా ఉండేందుకు దరోగాకు లంచం ఇవ్వాలని హోరీ అప్పు చేసి తెచ్చిన డబ్బును లాక్కుని, అందరి ముందూ నేల మీద విసిరికొట్టి, ఊరి పెద్దలనూ పోలీసునూ కలిపి కడిగేసింది ధనియా. ఝునియాను బయటికి గెంటివేస్తానని కోపంతో బయలుదేరిన హోరీని మెత్తబరిచి, ఆమెకు ఇంట్లో చోటు దక్కేలా చేసిందీ ధనియాయే. ఒకే పుస్తకంలో మెహతా ఉపన్యాసమూ ధనియా నోరూ రెండూ ఉండడం వల్లనే ఆ అమ్మకు ఆ ప్రశ్న తట్టింది. ఉపన్యాసాన్ని తొలగించి ధనియాను మాత్రమే ఉంచితే మీరు ఆమెకు మేలు చేసినట్టు కాదు. ఆమె ఏ మాటకు ఎదురు నిలిచిందో ఆ మాటను దాచినట్టు అవుతుంది. పాఠకులకు కోపం రావడం కూడా స్పందనే. మీ కాగితంలో దానికి ఉన్న గడి ‘నచ్చలేదు’ అన్నదొక్కటే.

సిలియా కథను తీసివేయాలన్న నిర్ణయం నన్ను అన్నిటికంటే బాధించింది. దాతాదీన్ కొడుకు మాతాదీన్, చర్మకార కులానికి చెందిన సిలియాను ఉంచుకుని, ఆమె చాకిరీతో కళ్లం నడిపించుకుంటూ, ఆమె చేతి నీళ్లు మాత్రం తాగడు. ఆమె తల్లిదండ్రులూ బంధువులూ కళ్లంలోకి వచ్చి, మా పిల్లను నీ కులంలో కలుపుకోలేకపోతే నిన్నే మా కులంలో కలుపుకుంటామని చెప్పి, మాతాదీన్ జంధ్యం తెంపి అతని నోటిలో ఎముక ముక్క పెడతారు. ఆ తరువాత ప్రాయశ్చిత్తానికి ఎంతో ఖర్చయినా, పోయిన గౌరవం తిరిగి రాదు. చివరికి మాతాదీన్ తనంత తానుగా సిలియా దగ్గరికి వస్తాడు. ఈ భాగం చదివే దాకా మా కూటమిలో వెనక వరుసలో కూర్చుని, అడిగితే తప్ప మాట్లాడని మాదిగవాడ యువకుడు, “ఇప్పటిదాకా ఇది రైతుల పుస్తకం అనుకున్నా, ఇప్పుడు మా పుస్తకమూ అయింది” అన్నాడు. అదే పూట మరొకరు, సిలియాను అందరూ తన్ని తరిమిన తరువాత ఆమెకు చోటిచ్చింది ధనియా ఇల్లే కదా అని గుర్తు చేశారు. ఆ చోటు సమానమైన చోటేనా, జాలితో ఇచ్చిన చోటా అని ఆ యువకుడు తిరిగి అడిగాడు. దానికి ఎవరూ వెంటనే జవాబు చెప్పలేదు. పల్లె కుటుంబ జీవితం గురించిన నవల అని మీరు పరిచయంలో రాసిన మాటలోకి సిలియా రాకపోతే, ఆ పల్లెలో ఎవరి కుటుంబాలు లెక్కకు వస్తాయో ఆలోచించవలసిందిగా కోరుతున్నాను. ఈ భాగం వివాదానికి దారితీస్తుందన్న సంకోచం మీకు ఉండి ఉండవచ్చు. మా కూటమిలో అన్ని కులాలవారూ ఉన్నారు, అందరూ విన్నారు, మరునాడు అందరూ మళ్లీ వచ్చారు.

హోరీని గురించి కూడా మా పాఠకులు ఒక మాట మీద లేరు. పరిచయ వాక్యాలలో మీరు అతడిని ‘సహనానికి ప్రతిరూపం’ అన్నారు. మావాళ్లు అలా అనలేదు. పెళ్లి సంబంధం చూస్తానని పాల వ్యాపారి భోలాకు ఆశ చూపి ఆవును అప్పు మీద సంపాదించిన హోరీ వారికి నచ్చాడు, ఎందుకంటే అదే హోరీ భోలా దగ్గర పశువులకు కసువు లేదని తెలిసినప్పుడు ఆవును తోలుకుపోవడానికి మనసొప్పక వెనక్కి తగ్గుతాడు. వెదుళ్ల బేరంలో తమ్ముళ్ల వాటా కొంత మిగుల్చుకోవాలని చూసి, చివరికి కొనేవాడి చేతిలో తానే మోసపోయిన హోరీ వారిని నవ్వించాడు. ఆవుకు విషం పెట్టింది హీరా అని కళ్లారా చూసినంత తెలిసినా, కొడుకు తల మీద చేయి పెట్టి చూడలేదని అబద్ధపు ప్రమాణం చేసిన హోరీని కొందరు క్షమించలేకపోయారు. పారిపోయిన ఆ తమ్ముడి చేనును తన చేను కన్నా ముందు దున్ని, మరదలు పునియా ఇంట్లో గింజలు ఉండేలా చూసిన హోరీని మళ్లీ వారే మెచ్చుకున్నారు. అన్నదమ్ముల పొత్తులూ పంపకాలూ తెలిసిన మనుషులు కాబట్టి ఆ చిక్కుముడి వారికి కొత్తగా అనిపించలేదు. ప్రతిరూపం అన్న ఒక్క మాటతో ఇంత మనిషిని మూసివేయవద్దని నా మనవి.

అతి ఎక్కువసేపు చర్చ జరిగింది మాత్రం పంచాయితీ వేసిన దండుగ గురించి. ఝునియాకు ఆశ్రయం ఇచ్చినందుకు హోరీకి 100 రూపాయల రొక్కం, 30 మణుగుల ధాన్యం దండుగ వేస్తారు. కళ్లంలో ఉన్న పంటను హోరీ తన నెత్తి మీద మోసి ఝింగురీ సింగ్ ఇంటికి చేరుస్తాడు, రొక్కం కోసం ఇల్లు 80 రూపాయలకు తాకట్టు పెడతాడు. ఇక్కడ మాకు ఒక చిక్కు ఎదురైంది. మా పెద్దవాళ్లకు తెలిసిన పాత మద్రాసు మణుగు సుమారు 11 కిలోలది. ఆ లెక్కన వారు ధాన్యం మూడు క్వింటాళ్ల పైచిలుకు అనుకున్నారు. ఉత్తరాది మణుగు సుమారు 37 కిలోలని, అంటే అది 11 క్వింటాళ్ల గింజలని చెప్పినప్పుడు గదిలో అందరూ ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నారు. ఆ ఇంటికి ఏడాది పొడవునా ఏమి మిగిలి ఉంటుందో లెక్క వేయడం మొదలుపెట్టారు. పాఠకులకు దూరంగా అనిపించే విషయం ఎదురైనప్పుడు చేయవలసిన పని ఇది, అంటే దానిని విడమరిచి చెప్పడం.

జమీందారీ విషయం కూడా అలాంటిదే. హోరీకి పట్టా ఎందుకు లేదు, శిస్తు సర్కారుకు కట్టకుండా దొరకెందుకు కడతాడు అని చాలామంది అడిగారు. 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి దక్కిన మన దత్తమండలాలలో, 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో రైతుతో నేరుగా శిస్తు తేల్చుకునే రైత్వారీ పద్ధతికి పునాది వేశాడు. అవధ్‌లో తాలూకాదార్లూ జమీందార్లూ నడుమ నిలిచి ఉండగా, అక్కడి రైతును బాకీ చూపి భూమి నుంచి తొలగించే వీలు వారికి ఉండేది. ఆ వ్యవస్థను రద్దు చేసే చట్టం స్వాతంత్ర్యం తరువాత, 1950 ప్రాంతంలో గాని అక్కడ రాలేదు. ఈ సంగతి చెప్పిన తరువాత మా పాఠకులలో ఒకరు, దొర లేకపోయినా మా తాతలకు ఝింగురీ సింగులు తక్కువ కాలేదు అన్నారు. రైత్వారీ నేల మీద ఉన్నవాళ్లు జమీందారీ నేల మీది నవలను చదివినప్పుడు పుట్టే ఇలాంటి పోలికలు విశ్వవిద్యాలయాలలో పరిశోధనాంశాలు కాగలవు. అవి పుట్టడానికి కావలసింది నాలుగు పేజీల ముందుమాట; అధ్యాయాల తొలగింపు కాదు.

ఇక ముగింపు సంగతి. ఈ జిల్లాలో రైతుల ఆత్మహత్యలు జరిగిన ఇళ్లు ఉన్నాయి కాబట్టి, హోరీ మరణాన్ని పఠన కేంద్రాలలో చదివించడం మంచిది కాదని మీరు రాశారు. ఈ జాగ్రత్త వెనక ఉన్న మనసును నేను గౌరవిస్తున్నాను. ఆ అధ్యాయానికి ముందు నేనూ చాలా ఆలోచించాను, అలాంటి ఇంటి నుంచి వచ్చే ఒక అమ్మను ముందుగా విడిగా కలిసి, ఏమి రాబోతున్నదో చెప్పి, రావాలో వద్దో ఆమెనే నిర్ణయించుకోమన్నాను. ఆమె వచ్చారు. హోరీ ప్రాణం తీసుకోడు. మనవడు మంగళ్‌కు పాలు కావాలని, దానికి ఆవు కొనాలని, పగలు ఎండలో రోడ్డు పనికి కంకర తవ్వి, రాత్రి సుతిలి తాళ్లు పేని, వడగాలి తగిలి కూలిపోతాడు. అది బతకాలన్న పట్టుదలతో ఉన్న మనిషి చావు. పారిపోయిన హీరా తిరిగి వచ్చి అన్న కాళ్ల మీద పడిన సంతోషం కూడా ఆ చివరి పేజీలలోనే ఉంది. గోదానం చేయించమని అందరూ అంటే, ఆనాడు సుతిలి అమ్మగా వచ్చిన 20 అణాలను ధనియా భర్త చేతిలో పెట్టి, ఇంట్లో ఆవూ లేదు, దూడా లేదు, ఈ డబ్బులే ఈయన గోదానమని దాతాదీన్‌కు చెప్పి స్పృహ తప్పి పడిపోతుంది.

చదవడం ముగిసిన తరువాత ఆ అమ్మ అన్న మాటను ఆమె అనుమతితోనే రాస్తున్నాను: “ఆవు దానం పట్టేదీ ఆయప్పే, అప్పు ఇచ్చిందీ ఆయప్పే.” ఆ మాట తరువాత గదిలో చర్చ దుఃఖం మీద జరగలేదు. చావు ఇంటికి ముందుగా ఎవరు వస్తారు, వచ్చి ఏమి అడుగుతారు, కర్మకాండల ఖర్చు ఎవరు తగ్గించుకోగలిగారు, బ్యాంకు నోటీసు వచ్చినప్పుడు ఎవరిని కలవాలి అన్న విషయాల మీద జరిగింది. నవలలోని మరణాన్ని దాచి ఉంటే ఈ మాటలు బయటికి వచ్చేవి కావు. ఒంటరిగా చదివేవారి విషయంలో మీ భయానికి అర్థముంది. దానికి పరిష్కారం చివరి అధ్యాయాన్ని కూటమిలో, తోడుగా కూర్చునే మనుషుల మధ్య చదివించమని నిర్వాహకులకు సూచించడం.

మీరు కథను ఆపదలచిన చోటును ఒకసారి మళ్లీ చూడండి. మూడేళ్ల శిస్తు బాకీకి భూమి పోయే స్థితిలో, రూపాను వయసులో చాలా పెద్దవాడైన రామ్‌సేవక్‌కు ఇచ్చి, అతని దగ్గర 200 రూపాయలు పుచ్చుకుని హోరీ పొలం నిలుపుకుంటాడు. ఆ డబ్బు తీసుకున్నప్పుడు జీవితమంతా పోరాడి ఓడిపోయినట్టు హోరీ తలవంచుకుంటాడు. అక్కడ పుస్తకం మూసివేస్తే, పిల్లను ఇచ్చి భూమి దక్కించుకోవడం ఈ కథకు సుఖాంతం అవుతుంది. బాల్యవివాహాలు ఇంకా జరుగుతున్న ప్రాంతంలో, విషాదాన్ని తప్పించాలన్న ఉద్దేశంతో ఇలాంటి ముగింపును అచ్చు వేయడాన్ని మా కూటమిలోని స్త్రీలు ఎవరూ అంగీకరించరు. ఈ సంగతి మీ దృష్టికి రాకుండా ఉండిపోయిందనే నమ్ముతున్నాను.

కాబట్టి నా విన్నపం ఇది. ‘గోదాన్’ పూర్తి తెలుగు అనువాదాన్నే పెద్ద అక్షరాలతో, చేతిలో బరువు కాకుండా రెండు మూడు సంపుటాలుగా ఇవ్వండి. జమీందారీ, తూకాలు, నాణేలు, కుల పంచాయితీ గురించిన ముందుమాటను మన ప్రాంతపు చరిత్ర తెలిసినవారి చేత రాయించండి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా కడుతున్న జనం వీరు. పూర్తి పుస్తకం అడిగే హక్కు వారికి ఉంది. చదువు రానివారికి చదివి వినిపించడమూ గ్రంథాలయం పనేనని నమ్మి, గ్రంథాలయ ఉద్యమానికీ వయోజన విద్యకూ జీవితాన్ని ఇచ్చిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు పుట్టింది మన కర్నూలులోనే. మూడు ప్రశ్నల కాగితానికి బదులు, పుస్తకం పూర్తయిన తరువాత పాఠకులు తమ మాటల్లో, తమ యాసలో చెప్పినదాన్ని రాసిపెట్టే నోటుపుస్తకం ఒకటి ప్రతి కేంద్రానికీ ఇవ్వండి. చదువు రానివారి మాటలను రాసేవారు ఆ మాటలను దిద్దకుండా రాయాలని కూడా సూచించండి.

మా కూటమి నోటుపుస్తకాలు మూడింటిలో ఈ స్పందనలు తేదీలతో సహా ఉన్నాయి. పేర్లు బయటపెట్టవద్దన్నవారి పేర్లు తీసివేసి వాటి నకళ్లు మీకు పంపడానికి సిద్ధంగా ఉన్నాను. అచ్చుకు పంపేలోగా మీ సభ్యులు ఒకరిద్దరు మా కూటమికి వచ్చి, మీరు తొలగించదలచిన అధ్యాయాలలో మీకు నచ్చిన ఏదో ఒకటి ఎంచుకుని, మావాళ్లకు చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాను. చెనిక్కాయ పనులు లేని ఏ సాయంత్రమైనా పరవాలేదు, రెండు రోజుల ముందు కబురు పంపితే చాలు.

ఇట్లు,
విశ్రాంత హిందీ ఉపాధ్యాయుడు, పఠన కూటమి నిర్వాహకుడు,
కల్యాణదుర్గం ప్రాంతం, అనంతపురం జిల్లా